వార్ధా నది నుంచి పరిశ్రమలు తోడే నీటికి లెక్క ఏడాదికా, రోజుకా?

వార్ధా_గట్టు (రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

అందరికీ నమస్కారం. మా తాలూకాలో ఒక పరిశ్రమ తన సొంత విద్యుత్ కేంద్రాన్ని విస్తరించుకునేందుకు పర్యావరణ అనుమతి కోరింది. దానిపై ప్రజాభిప్రాయ సేకరణ త్వరలో జరగబోతోంది. పంచాయతీ కార్యాలయంలో పెట్టిన మరాఠీ సారాంశాన్ని మా పక్క ఊరి సర్పంచి గారూ నేనూ కలిసి చదివాము. గాలికి, బూడిదకు, మొక్కల పెంపకానికి పేజీలకు పేజీలు కేటాయించారు గాని నీటికి మాత్రం ఒక్క పేరాతో సరిపెట్టారు. ఏడాదికి ఇన్ని లక్షల ఘనమీటర్ల నీరు వార్ధా నుంచి తీసుకుంటామని, అది నది వార్షిక ప్రవాహంలో అత్యల్ప భాగమని, కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదని అందులో రాశారు. మే నెలలో నది ఎలా ఉంటుందన్న మాట ఆ పేరాలో ఎక్కడా లేదు.

ఆ పరిశ్రమ పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే నా ప్రశ్న ఆ ఒక్కదాని గురించి కాదు. మన జిల్లాలో బొగ్గు, కరెంటు, సిమెంటు, కాగితం అన్నీ ఈ నది మీద, దాని ఉపనదుల మీద ఆధారపడినవే. అటువంటప్పుడు నీటి విషయంలో చట్టపరంగా ఏమి అడగవచ్చు, సాంకేతికంగా ఏది సాధ్యం, ఏది కేవలం కాగితం మీది మాట అన్నది తెలిసినవారు వివరిస్తే రాతపూర్వకంగా అభ్యంతరాలు సిద్ధం చేసుకుంటాము.

పాత_మిల్లు_మనిషి (బల్లార్షా)

మంచి ప్రశ్న వేశారు. నేను కాగితం పరిశ్రమలో యంత్రం పక్కన పనిచేసి రిటైరైన మనిషిని, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి మొదలుపెడతాను.

ముందుగా మూడు లెక్కలను వేరు చేసుకోవాలి. నది నుంచి తోడే నీరు ఒకటి, వాడిన తరువాత శుద్ధి చేసి నదిలోకి తిరిగి వదిలే నీరు రెండవది, ఈ రెండింటికీ మధ్య ఆవిరై పోయేదో సరుకుతో వెళ్లిపోయేదో మూడవది. కాగితం మిల్లులో తోడిన నీటిలో చాలా భాగం తిరిగి బయటికే వస్తుంది, కనుక అక్కడ అసలు సమస్య ఆ వచ్చే నీరు ఎంత శుభ్రంగా ఉందన్నది. విద్యుత్ కేంద్రంలో దీనికి పూర్తిగా భిన్నంగా, కూలింగ్ టవర్ పైనుంచి నీరు ఆకాశానికి పోతుంది గాని నదికి తిరిగి రాదు. కాబట్టి "మేము తోడేది తక్కువ" అని ఒకరు, "మేము తిరిగి వదిలేస్తాం కదా" అని ఇంకొకరు అంటే ఆ రెండు మాటలనూ ఒకే తూకంలో పెట్టి చూడకూడదు.

మా రంగం గురించి నాలుగు మాటలు చెబుతాను. పాతకాలపు మిల్లులలో టన్ను కాగితానికి 100 ఘనమీటర్లకు పైగా నీరు ఖర్చయ్యేది. ఈనాడు జాగ్రత్తగా నడిపే మిల్లులు 50 ఘనమీటర్ల లోపుకు వచ్చాయి. ఈ మార్పు మంత్రంతో వచ్చింది కాదు. గుజ్జును కడిగేటప్పుడు శుభ్రమైన నీటిని చివరి దశలో మాత్రమే పోసి, అక్కడ నుంచి వచ్చిన నీటిని దాని ముందు దశకు, దాని నుంచి వచ్చినదాన్ని ఇంకా ముందు దశకు ఎదురుగా నడిపించడం ఒక పద్ధతి. యంత్రం కింద కారే తెల్లనీటిని సేవాల్ అనే వడపోత యంత్రంలో వడకట్టి, పీచును గుజ్జులోకి, నీటిని షవర్లలోకి మళ్లించడం రెండవది. వాక్యూమ్ పంపుల సీలు నీటిని చల్లబరిచి మళ్లీ వాడటం మూడవది. అయితే నీటిని మరీ ఎక్కువసార్లు తిప్పితే అందులో లవణాలూ జిగురూ పేరుకుపోతాయి. జిగురు పట్టి షవర్ నాజిళ్లు మూసుకుపోతే షిఫ్టు మధ్యలో యంత్రాన్ని ఆపి, సూదితో ఒక్కొక్క రంధ్రాన్నీ పొడుచుకుంటూ కూర్చోవలసి వస్తుంది. ఆ వాసన ఇంటికి వెళ్లి స్నానం చేసినా పోయేది కాదు. నీటి పొదుపుకు ఒక హద్దు ఉంటుందని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

టర్బైన్_గది (చంద్రపూర్)

నేను విద్యుత్ రంగంలో ఉద్యోగిని. ఇక్కడ రాసేది నా సొంత అభిప్రాయమే గాని సంస్థ తరఫు మాట కాదు.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2015 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కూలింగ్ టవర్లు ఉన్న పాత థర్మల్ కేంద్రాలు ఒక మెగావాట్ అవర్ విద్యుత్తుకు 3.5 ఘనమీటర్లకు మించి నీరు వాడకూడదు. 2017 జనవరి తరువాత వచ్చే కొత్త కేంద్రాలకు మొదట 2.5 అని పెట్టి, 2018లో దాన్ని 3కు సడలించారు. కొత్తవి వాడిన నీటిని బయటికి వదలకూడదన్న షరతు కూడా అందులో ఉంది.

ఈ అంకె అర్థం కావాలంటే లెక్క వేసి చూడాలి. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే 12,000 మెగావాట్ అవర్లు వస్తాయి. 3.5 చొప్పున రోజుకు 42,000 ఘనమీటర్లు, అంటే 4.2 కోట్ల లీటర్లు. కొత్త కేంద్రాలకు మొదట పెట్టిన 2.5 చొప్పున అయితే 30,000 ఘనమీటర్లు సరిపోతాయి. తేడా రోజుకు 1.2 కోట్ల లీటర్లు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణంతో భాగిస్తే దాదాపు 89,000 మందికి సరిపడే నీరది. చంద్రపూర్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,920 మెగావాట్లు. అన్ని యూనిట్లూ ఏడాది పొడవునా పూర్తి లోడు మీద నడిచి, అనుమతించిన గరిష్ఠ పరిమితి మేరకు నీరు వాడాయని అనుకుంటే దాదాపు 3.2 టీఎంసీలు అవుతుంది. నిజానికి యూనిట్లు అలా ఎప్పుడూ నడవవు కాబట్టి అసలు వాడకం ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా మహారాష్ట్రలో గోదావరి మీద ఉన్న, తెలుగువారికి బాగా తెలిసిన బాభళీ బ్యారేజీ నిల్వ సామర్థ్యం 2.74 టీఎంసీలేనని గుర్తు పెట్టుకుంటే పరిమాణం బోధపడుతుంది.

మరొక మాట. నీళ్లు లేకపోతే ముందు దెబ్బ తినేది మేమే. 2010 వేసవిలో ఎరై జలాశయం అడుగంటి ఇక్కడ యూనిట్లు ఆపుకోవలసి వచ్చింది. 2013 కరవులో మరాఠ్వాడాలోని పర్లీ కేంద్రం మొత్తం మూతపడింది. 2016 మార్చిలో గంగ ఒడ్డునున్న ఫరక్కాకు కూడా ఆ గతి తప్పలేదు. కాబట్టి నీటి లెక్క సరిగ్గా ఉండటం పరిశ్రమకూ అవసరమే.

నల్లరేగడి_రైతు

మీ లెక్కలన్నీ చదివాను, బాగున్నాయి. మాకు నది ఒడ్డున కొద్దిపాటి పొలం ఉంది. పత్తి, కంది అయిపోయాక వేసవిలో కూరగాయలు పెడతాము. అక్టోబరు దాటగానే నదికి అడ్డంగా ఉన్న బంధారాకు (చిన్న ఆనకట్టకు) పలకలు బిగిస్తారు, ఆ నిలిచిన నీటి మీదే మా మోటార్లు, ఎగువన పరిశ్రమవారి జాక్‌వెల్ (నది నీటిని తోడే పంపుల బావి) కూడా ఆధారపడి ఉంటాయి. ఏప్రిల్ సగమయ్యేసరికి మోటారు పైపు కొసన నీటిలో ఉండే మా ఫుట్‌వాల్వ్ బయటపడుతుంది. పైపుకు ఇంకొక ముక్క అతికించి లోపలికి జరుపుతాము. పది రోజులకు అదీ బయటపడుతుంది. చివరకు ఇసుకలో గుంత తవ్వి, ఊరిన నీటిలో వాల్వును దింపుతాము. వారి జాక్‌వెల్ అడుగు నది మట్టం కంటే ఎంతో లోతున ఉంటుంది కనుక మా గుంత ఎండిన తరువాత కూడా వారి పంపు ఆగదు.

వారు తీసుకునేది ఏడాది ప్రవాహంలో అత్యల్ప భాగమే కావచ్చు. ఆ ఏడాది ప్రవాహం ఆగస్టులో మా పొలాన్ని ముంచి వెళ్లిపోతుంది. మే నెలలో మా ఫుట్‌వాల్వుకు సగటు నీళ్లు అందవు, ఉన్న నీళ్లే అందాలి.

వార్ధా_గట్టు

రైతు గారు చెప్పినదే నేను అడగదలచుకున్నది. అనుమతి పత్రంలో "రోజుకు గరిష్ఠంగా ఇంత, నదిలో ప్రవాహం ఇంతకు తగ్గితే ఇంత, ఇంకా తగ్గితే తోడకూడదు" అన్న షరతు పెట్టించడానికి ఆధారమేదైనా ఉందా?

సిరోంచ_మాస్టారు

ఆధారాలు ఉన్నాయి గాని చెల్లాచెదురుగా ఉన్నాయి. కొంత చరిత్ర చెప్పక తప్పదు, ఓపికగా చదవండి.

మహారాష్ట్ర 2003 జలవిధానంలో తాగునీటి తరువాత స్థానం పరిశ్రమలకు ఇచ్చి, సేద్యాన్ని వాటి వెనుక పెట్టింది. 2005లో జలవనరుల నియంత్రణ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. నీటి ధరలను నిర్ణయించడానికి, ఏ రంగానికి ఎంత అన్నది తేల్చడానికి దేశంలో అటువంటి సంస్థను ఏర్పాటు చేసిన మొదటి పెద్ద ప్రయత్నమది. కాని ఆచరణలో మంత్రుల ఉన్నతాధికార కమిటీ సేద్యపు జలాశయాల నుంచి పరిశ్రమలకు, పట్టణాలకు నీటిని కేటాయిస్తూ పోయింది. విదర్భలో ఎగువ వార్ధా జలాశయం నీటిని ఒక థర్మల్ కేంద్రానికి ఇవ్వడంపై అమరావతి రైతులు చేసిన ఆందోళన మీకు గుర్తుండే ఉంటుంది. 2011లో రెండు పనులు జరిగాయి. ప్రాధాన్య క్రమంలో సేద్యాన్ని పరిశ్రమల కంటే ముందుకు తెచ్చారు. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, కేటాయింపు అధికారాన్ని మంత్రివర్గం చేతికి అప్పగిస్తూ పాత కేటాయింపులకు రక్షణ కల్పించారు. ఒక చేత్తో ఇచ్చినది మరొక చేత్తో పట్టుకున్నారని నా అభిప్రాయం. అయినా రైతుకు ముందు స్థానమన్నది ఈరోజు రాష్ట్ర విధానం. అభ్యంతర పత్రంలో మొదటి వాక్యం దానితోనే మొదలుపెట్టండి.

ప్రవాహంతో ముడిపెట్టిన షరతుకు దేశంలో ఉన్న పూర్వ ఉదాహరణ గంగది. 2018 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎగువ గంగలో నవంబరు నుంచి మార్చి వరకు నెలవారీ సగటు ప్రవాహంలో 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలలలో 25 శాతం, వానాకాలంలో 30 శాతం నదిలో ఉండి తీరాలి. అది గంగ ప్రధాన ప్రవాహానికే పరిమితం. దాన్ని చట్టంగా ఇక్కడ చూపలేము గాని, నెలవారీగా షరతు పెట్టడం సాధ్యమేనని చూపడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

బాభళీ తీర్పు కూడా కాలాన్ని బట్టి షరతు పెట్టినదే. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మేరకు జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని కిందికి వదలాలి. రెండు రాష్ట్రాల తగవులో తేదీలతో సహా రాయగలిగినప్పుడు ఒక జాక్‌వెల్ విషయంలో రాయలేకపోవడానికి కారణం నాకు కనిపించదు.

గోదారి_గోవిందు

బాభళీ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అసలు తప్పు మహారాష్ట్రదా, తెలంగాణదా? మేడిగడ్డ సంగతి కూడా...

నిర్వాహకుడు

గోవిందు గారూ, మేడిగడ్డకు వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ పరిశ్రమల నీటికే పరిమితమవుదాం.

నాగావళి_వాసి (రాయగడ)

ఒడిశా వైపు నుంచి నా మాట కూడా వినండి. మా జిల్లాలోనూ తెలుగువారు ఎక్కువే, మా నది కూడా చివరకు తెలుగునేలకే వెళ్తుంది. నాగావళి కలహండి కొండలలో పుట్టి, రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి, తోటపల్లి బ్యారేజీ దాటి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్ కర్మాగారం 1960ల నాటివి. తరువాత కాశీపూర్ వైపు అల్యూమినా (అల్యూమినియం తయారీకి వాడే పొడి) కర్మాగారం వచ్చింది. పొరుగున కోరాపుట్‌లో దమన్‌జోడి అల్యూమినా కర్మాగారానికి ఎగువ కొలాబ్ జలాశయం నీరు వెళ్తుంది.

మాకున్న అదనపు చిక్కు సరిహద్దు. నీటిని తోడే అనుమతి ఒక రాష్ట్రం ఇస్తుంది, దాని ఫలితం మరొక రాష్ట్రంలో కనిపిస్తుంది. పక్కనున్న వంశధారకు 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తుది తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీ గురించి 2021లో మరొక నివేదిక వచ్చింది. అంత పెద్ద ప్రక్రియలో రెండు రాష్ట్రాల వాటాలు తేలాయి. కాని ఒక రాష్ట్రం తన వాటాలో నుంచి ఏ పరిశ్రమకు ఏ నెలలో ఎంత ఇస్తుందన్నది ఆ రాష్ట్రం ఇంటి విషయంగానే మిగిలిపోయింది. ఒడిశా 2007 జలవిధానంలో తాగునీరు, నదీ పర్యావరణం, సేద్యం, జలవిద్యుత్తు తరువాతే పరిశ్రమలు వస్తాయి. అదే సంవత్సరం నవంబరులో హిరాకుడ్ జలాశయం నీటిని పరిశ్రమలకు మళ్లిస్తున్నారని వేల మంది రైతులు రోడ్డెక్కారంటే, కాగితం మీది వరుసక్రమం కాలువ దాకా రాలేదనే కదా అర్థం.

సాంకేతికత విషయంలో అల్యూమినా రంగం నుంచి ఒక సంగతి. అల్యూమినా తీయగా మిగిలే వ్యర్థమైన ఎర్రమట్టిని వెనుకటిలా పల్చగా చెరువులోకి పంపకుండా, ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, పొడి ముద్దగా పేర్చే పద్ధతి ఇప్పుడు వచ్చింది. దానివల్ల నీరు మిగులుతుంది, నీటితోపాటు కాస్టిక్ సోడా కూడా తిరిగి చేతికి వస్తుంది. సోడా ఖరీదైనది కాబట్టి పరిశ్రమ తనంతట తానే ముందుకు వచ్చింది. నీటికి మాత్రమే విలువ ఉన్నచోట ఇంత ఉత్సాహం నేను చూడలేదు.

పాత_మిల్లు_మనిషి

నాగావళి గారి చివరి వాక్యం నిజం. మా దగ్గర కూడా పీచు తిరిగి వస్తుందంటేనే సేవాల్‌కు డబ్బు మంజూరయ్యేది.

టర్బైన్_గది

విద్యుత్ కేంద్రంలో నీటి పొదుపు ఎక్కడెక్కడ సాధ్యమో చెబుతాను, అభ్యంతర పత్రానికి పనికివస్తుంది.

పెద్ద ఖర్చు కూలింగ్ టవర్‌ది. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి, అవి ఒక స్థాయి దాటకుండా కొంత నీటిని బ్లోడౌన్‌గా తీసివేసి కొత్త నీరు పోస్తారు. నదినీటితో పోలిస్తే టవర్‌లోని నీరు ఎన్ని రెట్లు చిక్కబడే వరకు ఆగుతామన్నదే కీలకం. 3 రెట్ల దగ్గర ఆపితే ఆవిరయ్యే ప్రతి 100 లీటర్లకు 150 లీటర్ల కొత్త నీరు కావాలి. 5 రెట్ల వరకు వెళితే 125 చాలు. 8 రెట్లకు వెళ్లినా 114 వద్దకే వస్తుంది. మొదటి అడుగులో లాభం ఎక్కువ, తరువాత తరుగుతూ పోతుంది, నీటిలో కలిపే రసాయనాల ఖర్చూ పైపులకు పొలుసు పట్టే ప్రమాదమూ పెరుగుతాయి. కాబట్టి "ఎన్ని రెట్ల దగ్గర నడుపుతారు" అన్న ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివారు విషయం తెలిసి మాట్లాడుతున్నారో లేదో తేలిపోతుంది.

రెండవది బూడిద. నీటిలో కలిపి పల్చని స్లర్రీగా పంపితే ఒక పాలు బూడిదకు నాలుగైదు పాళ్ల నీరు పోతుంది. చిక్కటి స్లర్రీగా పంపినా, పొడిగా సిమెంటు కర్మాగారాలకు ఇచ్చినా ఆ నీరు చాలా వరకు మిగులుతుంది. మన జిల్లాలో సిమెంటు కర్మాగారాలు పక్కనే ఉన్నాయి, కనుక తడి బూడిదకు సాకు లేదు. బూడిద చెరువులో తేరిన నీటిని వెనక్కి తెచ్చే పంపు ఉందా, అది నిజంగా నడుస్తుందా అన్నది కూడా అడగండి.

మూడవది గాలితో చల్లబరిచే కండెన్సర్. జార్ఖండ్‌లోని నార్త్ కరణ్‌పురాలో 660 మెగావాట్ల యూనిట్లకు దీనిని పెట్టారు. నీటి అవసరం బాగా పడిపోతుంది, కాని ఎండాకాలంలో సామర్థ్యం తగ్గి అదే కరెంటుకు బొగ్గు ఎక్కువ కాలుతుంది. మే నెలలో చంద్రపూర్ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. అందుకే పెద్ద యూనిట్లకు ఇక్కడ దీన్ని నేను గట్టిగా సిఫారసు చేయను. చిన్న సొంత కేంద్రాలకు మాత్రం పరిశీలించదగినదే.

నల్లరేగడి_రైతు

"జీరో డిశ్చార్జ్" అని పత్రంలో రాశారట. అంటే చుక్క కూడా వదలరని అర్థమైతే, నది నుంచి తీసుకున్నదంతా వారే ఉంచుకుంటారని కూడా అర్థమే కదా? దానివల్ల మాకు వచ్చే లాభమేమిటి?

పాత_మిల్లు_మనిషి

రైతు గారూ, మీరు సూటిగా పట్టుకున్నారు. మురికి రాకపోవడం లాభమే. కాని నీటి పరిమాణం కోణంలో చూస్తే, జీరో డిశ్చార్జ్ వల్ల తోడే నీరు తగ్గినప్పుడే నదికి మేలు జరుగుతుంది. తోడేది అంతే ఉండి, తిరిగి వచ్చేది మాత్రం ఆగిపోతే కింది రైతుకు నష్టమే. కాబట్టి జీరో డిశ్చార్జ్ అన్నప్పుడల్లా "ముందు ఎంత తోడేవారు, ఇప్పుడు ఎంత తోడుతారు" అని అడగాలి.

ఇంకొక చిక్కు ఉంది. ఆర్.ఓ. (పొరల గుండా నీటిని వడకట్టే) యంత్రం దాటిన తరువాత మిగిలే ఉప్పునీటిని ఎవాపరేటర్‌లో మరిగించాలి, దానికి ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గు కావాలి. చివరకు మిగిలే ఉప్పును ఎక్కడ పోస్తారు? రేకుల షెడ్డులో, కింద గచ్చుతో నిల్వ చేస్తే సరే. ఆరుబయట కుప్ప పోస్తే మొదటి వానకే మొత్తం నాలాలోకి దిగుతుంది. నేను పేరు చెప్పని ఒక చోట జూన్ నెలలో నాలా గట్టున తెల్లటి చారలు చూశాను. గడ్డి ఆ చార మేర మాత్రమే మాడిపోయి ఉంది.

టర్బైన్_గది

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. ఉప్పు నిల్వ నిర్వహణ లోపమే గాని సాంకేతికత లోపం కాదు. ఎక్కడో ఒక చోట షెడ్డు లేదని జీరో డిశ్చార్జ్‌నే అనుమానిస్తే పాత పద్ధతిలో నదిలోకి వదిలేవారికి బలం ఇచ్చినట్లవుతుంది.

పాత_మిల్లు_మనిషి

అనుమానించడం లేదు, షెడ్డు ఎక్కడుందో ప్లానులో చూపించమంటున్నాను.

సిరోంచ_మాస్టారు

నదికి బదులుగా వేరే నీటి వనరు గురించి ఎవరూ రాయలేదు. 2016 జనవరి నాటి జాతీయ విద్యుత్ టారిఫ్ విధానం ప్రకారం, మురుగునీటి శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ శుద్ధజలాన్ని తప్పనిసరిగా వాడాలి. మన విదర్భలోనే నాగపూర్ భాండేవాడి నుంచి కోరాడి కేంద్రానికి రోజుకు 13 కోట్ల లీటర్లు పంపే ఏర్పాటు జరిగింది. ఆ మేరకు తాగునీటి జలాశయం మీద భారం తగ్గింది. మనకు మరొక సదుపాయం కూడా ఉంది. బొగ్గు గనుల నుంచి రాత్రింబవళ్లు తోడి నాలాలలోకి వదిలే నీటిని శుద్ధి చేసి కూలింగ్‌కు వాడుకోవచ్చు. భానేగావ్ గని నీటిని కోరాడికి ఇచ్చినప్పుడు బల్లార్షా, ఘుగ్గుస్, రాజురా గనుల చుట్టూ ఉన్న పరిశ్రమలు ఎందుకు తీసుకోకూడదు? దరఖాస్తుదారు ప్రత్యామ్నాయాలు పరిశీలించారా, పరిశీలించి ఎందుకు వద్దనుకున్నారు అన్నది రాతపూర్వకంగా అడగండి.

నాగావళి_వాసి

గని నీటి విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని ఊళ్లలో ఆ నాలా నీరే వేసవిలో పశువులకు, చిన్న రైతులకు ఆధారమవుతుంది. దాన్ని కూడా పైపులో బిగించి తీసుకుపోతే ఒకరి దాహం తీర్చి మరొకరిని ఎండగట్టినట్లవుతుంది. గ్రామసభను అడిగి తీసుకోవాలి.

సిరోంచ_మాస్టారు

ఒప్పుకుంటాను. మంచి సవరణ.

టర్బైన్_గది

ఇక అందరూ దాటవేసే విషయం, కొలత. నదీజలాలపై మనం ఎంత మంచి షరతు రాయించినా కొలిచే మీటరు వారిదే, రాసే పుస్తకం వారిదే అయితే ప్రయోజనం సగమే. 1977 నాటి జల సెస్సు చట్టం ప్రకారం పరిశ్రమలు మీటర్లు పెట్టుకుని వాడకం లెక్కలు సమర్పించవలసి ఉండేది. సెస్సు పైసల్లోనే ఉండేది గాని ఆ లెక్క మాత్రం విలువైనది. జీఎస్టీతో పాటు 2017లో ఆ చట్టం రద్దయింది. వదిలే నీటి నాణ్యతకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ పరికరాలు తప్పనిసరి చేసింది. నదిలో నుంచి తోడే చోట కూడా అంత గట్టి నిఘా ఉండాలి.

మ్యాగ్నెటిక్ ఫ్లో మీటరు మంచిదే, కాని పైపు నిండుగా పారుతున్నప్పుడే సరిగ్గా చూపుతుంది. మీటరుకు ముందు తగినంత పొడవు వంపులు లేని పైపు ఉండాలి. మీటరుకు ముందే చీలిక పైపు ఒకటి ఉంటే అంకె ఎంత సరిగ్గా ఉన్నా అర్థం లేదు. కాబట్టి మీటరు జాక్‌వెల్ గోడ దాటగానే ఉండాలని, దాని రీడింగు నేరుగా నీటిపారుదల శాఖకు వెళ్లాలని, ఏటా బయటివారి చేత సరిచూపించాలని అడగండి. ఇంకొక చిట్కా: పంపుల మొత్తం సామర్థ్యం అడిగి, అనుమతి కోరిన నీటితో పోల్చండి. ఒక స్టాండ్‌బై పంపును మినహాయించినా సామర్థ్యం రెట్టింపు కనిపిస్తే ఏడాది అంకె వెనుక రోజువారీ ఉద్దేశం వేరుగా ఉందని అర్థం.

నల్లరేగడి_రైతు

నదిని కట్టడి చేస్తే బోర్లు వేస్తారు. మా బావులు రెండు విధాలా పోతాయి.

సిరోంచ_మాస్టారు

దానికీ నిబంధన ఉంది. 2020 సెప్టెంబరు 24 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రోజుకు 100 ఘనమీటర్లకు మించి భూగర్భజలం తోడే పరిశ్రమలు ఏటా నీటి ఆడిట్ చేయించుకోవాలి, మూడేళ్లలో వాడకాన్ని కనీసం 20 శాతం తగ్గించాలి. అభ్యంతర పత్రంలో నదినీరు, బోరునీరు కలిపి ఒకే గరిష్ఠ పరిమితి పెట్టమని కోరండి. వేర్వేరుగా పెడితే ఒకదాని నుంచి మరొకదానికి జారిపోతారు.

వార్ధా_గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటిని బట్టి ముసాయిదా రాశాను, మరాఠీలోకి మార్చే ముందు ఒకసారి చూడండి.

"మేము ఈ పరిశ్రమ విస్తరణను వ్యతిరేకించడం లేదు. నీటి అనుమతిని ఏడాది మొత్తంగా కాక, ప్రతి నెలకూ రోజువారీ గరిష్ఠ పరిమితిగా ఇవ్వాలని, బామ్ని వద్ద కేంద్ర జలసంఘం కొలిచే ప్రవాహం నిర్ణీత స్థాయికి తగ్గిన రోజులలో తోడే నీరు కూడా అదే నిష్పత్తిలో తగ్గాలని, అంతకంటే దిగువకు వెళితే పూర్తిగా ఆగాలని కోరుతున్నాము. ఆ రోజులకు సరిపడే నీటిని వానాకాలంలోనే పరిశ్రమ తన ఆవరణలోని చెరువులో నింపుకోవాలి. కూలింగ్ టవర్ ఎన్ని రెట్ల దగ్గర నడుస్తుంది, బూడిదను ఎలా తరలిస్తారు, పంపుల సామర్థ్యం ఎంత, ఉప్పు నిల్వ ఎక్కడ, గని నీరు, శుద్ధి చేసిన మురుగునీరు ఎందుకు వాడటం లేదు అన్నవాటికి సమాధానాలు సభలోనే చదివి వినిపించాలి."

టర్బైన్_గది

ఆవరణలో చెరువు అన్న మాట చాలా ముఖ్యం, మంచి పని చేశారు. ఎన్ని రోజుల నిల్వ అన్నది కూడా రాయించండి. బామ్ని కొలత ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అది పరిశ్రమ జాక్‌వెల్‌కు దిగువన ఉంటే ఎగువన తోడిన నీటి ప్రభావం అప్పటికే అందులో కలిసిపోయి ఉంటుంది. ఎగువన ఉన్న ఘుగ్గుస్ కొలతను కూడా జత చేయండి.

నల్లరేగడి_రైతు

బంధారా పలకలు ఎప్పుడు బిగించాలి, ఎవరు బిగించాలి అన్నది కూడా చేర్చండి. కిందటేడు పలకలు ఆలస్యమయ్యాయి, కారిన నీళ్లు కారిపోయాయి, తరువాత తప్పంతా ఎండ మీదకు నెట్టేశారు.

సిరోంచ_మాస్టారు

చేర్చండి. ముసాయిదాపై గ్రామసభ తీర్మానం ప్రజాభిప్రాయ సేకరణ తేదీకి ముందే తీసుకోండి. రెండు ప్రతులు తయారుచేసి, ఒకదానిని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి రెండవదానిపై స్వీకరించినట్లు ముద్ర వేయించుకోండి. సభలో మాట్లాడే అవకాశం రాకపోయినా రాతపూర్వక అభ్యంతరం కార్యక్రమ నివేదికలో చేరి తీరాలి. ఆ నివేదిక ప్రతి కావాలని అదే రోజు దరఖాస్తు పెట్టండి.

వార్ధా_గట్టు

తీర్మానం ఈ ఆదివారం. పలకల సంగతి, ఘుగ్గుస్ కొలత, నిల్వ రోజుల సంఖ్య మూడూ చేర్చి మరాఠీ ప్రతి శనివారం రాత్రికి ఇక్కడ పెడతాను. నాగావళి గారూ, మీ జిల్లాలో ఇటువంటి సభ జరిగినప్పుడు తెలుగులో ప్రతి కావాలంటే ఇదే వాడుకోండి.